జోడీ కుదరని గడ్డ

బూట్ల ఫ్యాక్టరీలో జోడీ బల్ల అంటే ఏమిటో తెలియనివాళ్ళకి జోడమ్మ గొప్పతనం అంతుపట్టదు. కాబట్టి ముందు ఆ బల్ల సంగతి చెప్పుకోవాలి.

తోలు కోసే మిషను దగ్గర్నుంచి ముక్కలు గంపలకొద్దీ వస్తాయి. కుడికాలివి, ఎడమకాలివి కలగాపులగంగా. వాటికి జతలు కట్టాలి. కుడిదొకటి, ఎడమదొకటి తీసి పక్కపక్కన పెడితే జత అయిపోదా అనిపిస్తుంది ఎవరికైనా. ఆ బల్ల దగ్గర చేరిన ప్రతి పిల్లా మొదటిరోజు పొద్దున అలాగే అనుకుంటుంది, సాయంత్రానికి చివాట్లు తింటుంది. ఒకే పశువు తోలులో వీపు దగ్గరిది బిర్రుగా ఉంటుంది, పొట్ట దగ్గరిది సాగుతుంది. రంగు వేసి మెరుగు పెడితే రెండూ కవలపిల్లల్లా కనిపిస్తాయి. బూటై కాలికెక్కి నాలుగు నెలలు నడిచాక బయటపడుతుంది అసలు గుణం. ఒకటి కాలిని పట్టుకునే ఉంటుంది, రెండోది వదులైపోయి మడమ దగ్గర జారుతుంది. అప్పుడు తిట్లు బూటు కుట్టినవాడికి కాదు, జోడీ కట్టినవాళ్ళకి.

ఆ బల్లకి పెద్ద మన జోడమ్మ. అమ్మానాన్నా పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. "ఐదే చదివాను, కానీ ఆ ఐదూ అరిగిపోయేలా చదివాను" అనేది. పెనిమిటి పోయాక చంకలో కూతుర్నీ, వేలికి తమ్ముణ్ణీ పట్టుకుని పట్నం వచ్చి, ఫ్యాక్టరీలో తోలు పేలికలు ఊడ్చే పనిలో చేరింది. ఊడుస్తూ ఊడుస్తూనే జోడీ బల్ల మీద చెయ్యి వేసింది. ముప్ఫై దాటకముందే ఆ బల్లకి పెద్దయింది. ఆవిడ కట్టిన జోడీ ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఇది నోటిమాట కాదు, మేనేజరు నలుగురిలో అన్నమాట. ఆడవాళ్ళు రోజంతా నిలబడి పనిచేసే ఫ్యాక్టరీలో కూర్చోడానికి పీటలు తెప్పించింది ఆవిడే. ఒకసారి రంగు తేడా ఉందని లారీకెక్కిన సరుకు సరుకంతా దింపించింది. కూతుర్ని చదివించి బ్యాంకులో క్యాషియర్ని చేసింది. తమ్ముడి చేత పట్టుబట్టి డ్రైవింగు నేర్పించింది, ఇప్పుడతను సిటీ బస్సు నడుపుతున్నాడు. ఇవన్నీ ఎవరైనా అడిగితే చెప్పేది. అడక్కపోయినా చెప్పేది.

అరవై దాటినా పని మానలేదు. ఆ ఏడాది పని జోరుగా ఉన్న రోజుల్లో, ఏప్రన్ పట్టీ ఎడమవైపు ఒత్తుకుంటోందని మాటిమాటికీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో కూడా అదే అలవాటై, అన్నం వడ్డిస్తూ భుజం సర్దుకుంటే కూతురి కంట పడింది.

"ఏంటమ్మా అది?"

"ఏప్రన్ పట్టీ."

"ఏప్రన్ ఫ్యాక్టరీలో వదిలేసి వచ్చావుగా."

అంతే, మర్నాడు కూతురు సెలవు పెట్టి ఆసుపత్రికి లాక్కుపోయింది. రొమ్ములో గడ్డ. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరే అన్నారు. పాల గొట్టాల్లో పుట్టే రకం, అందరిలో ఎక్కువగా కనబడేదే అన్నారు. ముందు కీమో ఇచ్చి గడ్డని కరిగించి చిన్నది చేస్తాం, తర్వాత ఆపరేషన్ అన్నారు.

"నలుగురితో పాటు నారాయణా" అనుకుంది జోడమ్మ. అందరికీ వచ్చేదే అయితే అందరూ పోయే దారిలోనే పోవచ్చు.

కీమో గదిలో కిటికీ వైపు వరసగా వాలు కుర్చీలు. ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో సెలైన్ స్టాండు. మొదటిరోజు ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నది బేకరీ ఆవిడ. సొంత బేకరీ, లావుపాటి చేతులు, పొయ్యి వేడికి ఎర్రబడిన మొహం. సూది గుచ్చుతుంటే నర్సుతో, "నెమ్మదమ్మా, నేను పిండిని కూడా ఇంత గట్టిగా పొడవను" అంది. జోడమ్మకి నవ్వొచ్చింది. మాట కలిసింది. ఇద్దరికీ ఒకే వయసు. ఇద్దరికీ ఎడమవైపే. ఇద్దరి గడ్డా ఇంచుమించు ఒకే సైజు. మందు ఒకటే, మొదలైన రోజూ ఒకటే.

జోడమ్మ కళ్ళు చిట్లించి ఆవిణ్ణి పైనుంచి కిందదాకా చూసింది, గంపలోంచి తీసిన ముక్కని వెలుతురులో చూసినట్టు.

"నువ్వు నా జోడీ" అంది.

"సంబంధం బాగానే ఉంది గానీ వదినా, కట్నం మాట తేల్చు" అంది బేకరీ ఆవిడ.

ఆ రోజునుంచి వదినా అంటే వదినా. కీమో రోజున ఇద్దరూ పక్కపక్క కుర్చీలు పట్టుకునేవాళ్ళు. ముందొచ్చినవాళ్ళు రెండో కుర్చీలో సంచీ పెట్టి ఆపేవాళ్ళు. జుట్టు రాలడం మొదలయ్యాక ఎవరి తల ముందు నున్నబడుతుందా అని పందెం వేసుకున్నారు. బేకరీ ఆవిడ గెలిచింది. "బన్ను మీద వెన్న రాసినట్టుంది చూడు" అని తల నిమురుకుంది. వాంతులు వస్తే ఒకరి గిన్నె ఒకరు పట్టారు. జోడమ్మ ధైర్యంగానే ఉంది. జోడీ కుదిరిన ముక్క పక్కనుంటే ఆవిడకి భయం ఉండదు. దానికేమైతే దీనికీ అదే.

రెండో విడత అయ్యాక బేకరీ ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చింది. "వదినా, కరిగిపోతోంది! నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు వేలికి దొరకాలంటే వెతకాలి. నీది?"

జోడమ్మ ఆ పొద్దున్నే స్నానాలగదిలో చూసుకుంది. తగ్గలేదు. ఇంకా చెప్పాలంటే, గట్టిబడింది, ఒక పక్కకి పెరిగింది కూడా. చేతివేళ్ళు అబద్ధం చెప్పవని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి నేర్పిన మనిషి. అయినా నోరు మాత్రం, "నాదీ తగ్గుతోందిలే" అంది.

ఎందుకంది? దానికి ఒక లెక్క ఉంది ఆవిడ దగ్గర. జిగురు వేసి అచ్చుకి ఎక్కించినప్పుడు ఒక్కోసారి కుడి బూటు ముందు ఆరుతుంది, ఎడమది ఆలస్యమవుతుంది. అంతమాత్రాన జోడీ విప్పరు. ఆగుతారు. వెనకబడ్డది అందుకుంటుంది. తన గడ్డ కూడా అలాగే అందుకుంటుందని నమ్మింది. దానికి తోడు నామోషీ ఒకటి. జోడీలో తనవైపుది వెనకబడిందని పదిమందిలో ఒప్పుకోవడమా?

మూడో విడత ముందు చిన్న డాక్టరు ఒకతను వచ్చాడు. ఆ రోజు బయట వరండా నిండా జనం. చూద్దామమ్మా అని చెయ్యి చాపితే, జోడమ్మ చేతులు కట్టేసుకుని, "నిన్ననే చూసుకున్నాను బాబూ, మెత్తబడింది" అంది. అతను సరేనని రాసుకుని పోయాడు. మూడో విడత మందు ఎక్కింది.

నాలుగో విడతకి వచ్చేసరికి పెద్ద డాక్టరమ్మే కూర్చుని ఉంది. పేరుకి పెద్ద డాక్టరు గానీ జోడమ్మ కూతురికన్నా నాలుగేళ్ళు పెద్దేమో. నవ్వు తక్కువ, చెయ్యి చల్లన. మాటలతో పని లేకుండా పడుకోబెట్టి చూసింది. చూసి, మళ్ళీ చూసింది. స్కేలు తీసి కొలిచింది.

"ఇది తగ్గలేదమ్మా. పెరిగింది."

జోడమ్మ పైకప్పు వైపు చూస్తూనే అంది, "నాకు తెలుసు. పోయినసారి తగ్గిందని అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"పక్కావిడకి తగ్గింది. నాకు తగ్గలేదని చెప్పడానికి నామోషీ వేసింది."

డాక్టరమ్మకి కోపం వచ్చింది, దాచుకోలేదు. "మీ నామోషీకి మూడు వారాలు పోయాయమ్మా" అంది. తర్వాత కాస్త తగ్గి, "మీరేం చెప్పినా మావాడు చెయ్యి పెట్టి చూసి ఉండాల్సింది. అది మా తప్పు. ఇప్పుడు ఇంకా లావుపాటి సూదితో ఇంకో చోటునుంచి ముక్క తీస్తాను" అంది.

ఆ ముక్క ఫలితం వచ్చిన రోజున కూతురూ తల్లీ ఇద్దరూ డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు. గది చిన్నది. గోడకి ఒక క్యాలెండరు, బల్ల మీద మూత తీసిన పెన్ను.

"మొదటిసారి సూదికి దొరికిన చోట మామూలు రకం కణాలే ఉన్నాయమ్మా. మిగతా గడ్డంతా వేరే. మెటాప్లాస్టిక్ అంటారు. పాల గొట్టం కణాలు తమ రూపం మార్చేసుకుని, ఎముకలోవాటిలా, మెత్తటి ఎముకలోవాటిలా వేషం వేస్తాయి. చాలా అరుదు. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళని నూరుమందిని పిలిస్తే అందులో ఒక్కరు ఉంటే ఉంటారు, లేకపోతే లేదు."

జోడమ్మ కూతురివైపు తిరిగి, "విన్నావుటే? నాకు వచ్చింది కూడా మామూలు సరుకు కాదు" అంది.

కూతురు నవ్వలేదు. "అరుదైతే మంచిదా, చెడ్డదా డాక్టర్?"

"అరుదైనవన్నీ ఒకటి కాదు. కొన్ని అరుదైన రకాలు మామూలువాటికన్నా సాధువులు. ఇది అలాంటిది కాదు. ఇది కీమోకి అంతగా లొంగదు. చంకలో గడ్డలుగా దిగడం తక్కువే గానీ, రక్తంలోంచి ఊపిరితిత్తులకి పోయే ప్రమాదం ఎక్కువ. అందుకే ముందు ఛాతీ స్కాన్ చేయిద్దాం. శుభ్రంగా ఉంటే, నా సలహా, కీమో ఇక్కడితో ఆపేసి వెంటనే ఆపరేషన్. గడ్డ పెద్దది కాబట్టి రొమ్ము మొత్తం తియ్యాలి."

జోడమ్మే అడిగింది, "మామూలు రకంవాళ్ళనీ మా రకంవాళ్ళనీ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూశారా డాక్టరమ్మా? ఎవరు ఎంతకాలం ఉన్నారని?"

"చూశారు. మొదట అటువాళ్ళందరినీ ఒక కుప్ప, ఇటువాళ్ళందరినీ ఒక కుప్ప పోసి చూశారు. మీ రకం బాగా వెనకబడింది. తర్వాత కొంతమంది, ఇది న్యాయం కాదన్నారు. మీ రకం గడ్డలు మా దగ్గరకి వచ్చేసరికే పెద్దవై ఉంటాయి. పెద్ద గడ్డని చిన్న గడ్డతో పోటీ పెట్టి ఓడిపోయిందంటే ఎలా? అందుకని వయసుకి వయసు, సైజుకి సైజు, వైద్యానికి వైద్యం సరిపోయేలా జతలు చేసి చూశారు."

"జోడీలు కట్టారన్నమాట."

"అదే. అలా చూస్తే తేడా తగ్గింది. కొన్ని పరిశోధనల్లో ఇద్దరూ దగ్గరదగ్గరగా వచ్చారు. కొన్నింటిలో అప్పటికీ మీ రకమే వెనక. మీలాంటివాళ్ళు తక్కువమంది కాబట్టి ఎవరూ బల్ల గుద్ది చెప్పలేరు. నేను చెప్పగలిగింది ఒకటే. గడ్డ మొత్తం వచ్చేసి, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నవాళ్ళు బాగున్నారు. మొదటి రెండు మూడేళ్ళు గండం. అది దాటినవాళ్ళకి దారి తేలికవుతుంది. ఆలస్యం మాత్రం మనకి పనికిరాదు."

ఛాతీ స్కాన్ శుభ్రంగా వచ్చింది. కానీ ఇంట్లో సంగతి శుభ్రంగా లేదు.

తమ్ముడు డ్యూటీ దిగి యూనిఫాం కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క అతనికి అక్క కాదు, తల్లి. అందుకే అతని భయం అరుపుగా బయటికి వచ్చింది.

"మధ్యలో ఆపెయ్యడమేంటక్కా? సగం దూరం పోయాక బస్సు వెనక్కి తిప్పుతారా ఎవరైనా? నీతోపాటు మొదలుపెట్టిన ఆవిడకి కరిగిందిగా! ఇంకో రెండు విడతలు చూద్దాం."

"చూశాంగా మామయ్యా" అంది కూతురు. "చూస్తుంటేనే పెరిగింది."

"నువ్వుండవే! బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినట్టు కాదు ఇది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? రొమ్ము మొత్తం తీసేస్తారట! ఆడమనిషికి..." అని ఆగిపోయాడు. మాట పూర్తిచెయ్యడానికి సిగ్గేసింది.

"ఆడమనిషికేంట్రా?" అంది జోడమ్మ. "చెప్పు. అరవై దాటింది, నేనెవరికి పాలివ్వాలి? నీకా?"

కూతురు ఫక్కున నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, "పక్కావిడకి నయమైన మందు నీకెందుకు పనిచెయ్యదు? అదే వయసు, అదే గడ్డ, అదే మందు! జోడీ అని నువ్వే అన్నావు. నీ చేతిలో పడ్డ జోడీ ఎప్పుడైనా తప్పిందా?" అన్నాడు.

ఆ మాట జోడమ్మకి సూటిగా తగిలింది. అందరూ పడుకున్నాక ఆలోచించుకుందామని ఆగలేదు. అప్పటికప్పుడు లేచి, ఇంట్లో మంచం కిందున్న పాత పెట్టెలోంచి రెండు తోలు ముక్కలు తీసింది. కొత్త పిల్లలకి పని నేర్పడానికి దాచుకున్నవి. రెండూ నల్లటివి, నిగనిగలాడుతున్నవి. తమ్ముడి రెండు చేతుల్లో పెట్టింది.

"తేడా చెప్పు."

అతను తిప్పితిప్పి చూశాడు. వాసన కూడా చూశాడు. "తేడా లేదు."

"లాగు."

ఒకటి లాగాడు, కదల్లేదు. రెండోది లాగాడు, రబ్బరులా సాగి, వదిలాక కూడా పూర్తిగా వెనక్కి రాలేదు.

"ఒకటి వీపు, ఒకటి పొట్ట" అంది జోడమ్మ. "పైకి చూస్తే ఒకటే. సైజు ఒకటే, రంగు ఒకటే. లాగితేగానీ తెలియదు. ఆవిణ్ణీ నన్నూ మందు లాగి చూసింది. ఆవిడది సాగింది, నాది బిగుసుకుంది. నేను పైపై రంగు చూసి జతచేశాను రా. నా జోడీ ఎప్పుడైనా తప్పిందా అన్నావే, ఇదిగో, తప్పింది. ఎవరి బూటుకో తప్పలేదు, నా ఒంటికే తప్పింది. తెలిశాక కూడా కుట్టుకి పంపిస్తే నాకన్నా బుద్ధితక్కువది ఉంటుందా? గోటితో పోయేదైతే మూడు విడతల మందుకి పోయేది. గొడ్డలే కావాలి. వెళ్ళి స్నానం చేసిరా, అన్నం పెడతాను."

తమ్ముడు ఆ తోలు ముక్కలు తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి, "ఆపరేషన్ ఎప్పుడంటే అప్పుడు సెలవు పెడతాను" అన్నాడు.

తమ్ముణ్ణి ఒప్పించడం తేలికే. బేకరీ ఆవిడకి చెప్పడమే కష్టమైంది. కీమో రోజున ఆవిడ ఎప్పటిలాగే పక్క కుర్చీలో సంచీ పెట్టి కూర్చుంది. జోడమ్మ వచ్చి ఆ సంచీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఈ కుర్చీ ఇంకెవరికైనా వదిలెయ్యి వదినా. నాది వేరే రోగమట."

విషయమంతా విన్నాక బేకరీ ఆవిడ మొహం పాలిపోయింది. భయం తనకోసమో జోడమ్మకోసమో తనకే తెలియలేదు. "అదేంటి? ఇద్దరం కలిసే దాటుదాం అనుకున్నాం. నన్నొక్కదాన్నీ వదిలేసి పోతావా?"

"పోవడం లేదు. వేరే దారిలో వస్తున్నాను."

"నాకు తగ్గిందిగా! ఓపిక పట్టు, నీకూ తగ్గుతుంది. పిండి ఒక్కోసారి ఆలస్యంగా పొంగుతుంది, ఆగాలి."

"పిండి పొంగడానికి ఆగొచ్చు వదినా. గడ్డ పొంగుతుంటే ఆగకూడదు."

బేకరీ ఆవిడ ముక్కు చీదింది. తర్వాత చటుక్కున మొహం గంభీరంగా పెట్టి, "అయితే నీ సంబంధం నేనే వదులుకుంటున్నాను. నువ్వు వదిలేశావని ఊళ్ళో చెప్పకు" అంది. జోడమ్మ ఆవిడ నున్నటి తల మీద చెయ్యి వేసి, "ఇలాగే కరిగించుకో. ఒక్క విడత కూడా ఎగ్గొట్టావో, వచ్చి నీ పొయ్యి ఆర్పేస్తాను" అని బయటికి నడిచింది.

ఆపరేషన్ ఆ వారంలోనే అయింది. లోపలికి తీసుకెళ్ళేముందు మత్తు డాక్టరు, "భయంగా ఉందా అమ్మా?" అని అడిగితే, "భయపడటానికి మీరంతా ఉన్నారుగా, నా పని నేను చూసుకుంటాను, పడుకుంటాను" అందట. తెలివి వచ్చాక మొదట అడిగింది నొప్పి సంగతి కాదు, అంచుల సంగతి.

"అంచులు శుభ్రంగా వచ్చాయా?"

"పరీక్షకి వెళ్ళిందమ్మా, ఇంకా రాలేదు" అంది కూతురు.

ఆ ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగ్గా తిన్లేదు, జోడమ్మ తప్ప. వచ్చాక డాక్టరమ్మ తనే మంచం దగ్గరికి వచ్చి చెప్పింది. గడ్డ మొత్తం వచ్చేసింది. అంచులు శుభ్రం. చంకలోనూ ఏమీ లేదు. ఛాతీగోడకి కరెంటు పెట్టాలి, అంటే రేడియేషన్. ఆ తర్వాత క్రమం తప్పకుండా స్కాన్లు.

కరెంటు పెట్టినన్నాళ్ళూ చర్మం కమిలి నల్లబడింది. ఎడమచెయ్యి భుజం పైకి లేవలేదు. జోడీ బల్ల దగ్గర పైవరస అరలోంచి గంప దించాలంటే చెయ్యి లేవాలి. చెయ్యి లేవకపోతే ఆ బల్లకి పెద్ద కాదు, వయసుకి పెద్ద మాత్రమే అవుతుంది. అది ఆవిడకి ఇష్టం లేదు. రోజూ గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని మెట్లెక్కినట్టు ఎక్కించేది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా పళ్ళు బిగించి ఇంకో వేలు పైకి వేసేది. ఎక్కినంతమేర బొగ్గుతో గీత గీసేది. ఇంటి గోడ పాడైపోతోందని కూతురు గొణిగితే, "గోడకి సున్నం వేయించుకోవచ్చు, భుజానికి వేయించలేం" అంది. రోజూ గీత కాస్త కాస్త పైకి పోయింది. ఆఖరికి గంప దింపింది. ఫ్యాక్టరీలో ఆ రోజు మిషన్లు ఆపి చప్పట్లు కొట్టారంటే అతిశయోక్తి కాదు. ఆవిడ మాత్రం, "మిషన్లు ఎవరాపమన్నారు?" అని కసిరింది.

డాక్టరమ్మ ఒక పనికి అనుమతి అడిగింది. అరుదైన రకంవాళ్ళ ఫలితాలు నాలుగైదు ఆసుపత్రులు కలిసి సేకరిస్తున్నారట, మామూలు రకంవాళ్ళతో పోల్చి చూడటానికి. పేరు బయటికి రాదు. వైద్యం ఏం జరిగింది, తర్వాత ఎలా ఉన్నారు, అంతే.

"చేర్చుకోండి" అంది జోడమ్మ. "కానీ నన్ను మా రకం కుప్పలోనే వెయ్యండి. మొదట రాసిన మామూలు రకం పేరుతో అటు కలిపేస్తారేమో. కలిపేశారో, రెండు కుప్పలూ పాడవుతాయి."

"కలపనమ్మా."

"ఇంకొకటి. నేను తగ్గిందని అబద్ధం చెప్పిన మూడు వారాలు కూడా రాయండి. దాస్తే మీ లెక్కలో నా జోడీగా పెట్టబోయే ఆవిడకి అన్యాయం."

మొదటి ఏడాది స్కాన్లు శుభ్రం. రెండో ఏడాది శుభ్రం. బేకరీ ఆవిడ కూడా కులాసాగా ఉంది. జుట్టు వంకీలు తిరిగి వచ్చిందని మురిసిపోయి, "చూడు వదినా, పెళ్ళినాడు కూడా ఇంత అందంగా లేను" అంటూ వచ్చి బన్నులు ఇచ్చి పోతుంది. ఇద్దరూ కీమో రోజులు తప్ప అన్నీ మాట్లాడుకుంటారు.

మూడో ఏడాది స్కాన్ చూసి డాక్టరమ్మ మొదటిసారి పూర్తిగా నవ్వింది. "గండం చాలావరకు దాటాంరా బాబూ" అని పక్కనున్న చిన్న డాక్టరుతో అంది. అతనే, ఆ రోజు చెయ్యి పెట్టకుండా పోయినవాడు. ఇప్పుడతను ఎవరు ఏం చెప్పినా చెయ్యి పెట్టి చూడందే వదలడు. జోడమ్మ అతన్ని చూసి, "గడుసువాడివయ్యావు" అంది.

"అమ్మా, మీరు కాసేపు ఆగగలరా?" అంది డాక్టరమ్మ. "ఒకామె ఉంది. మీ రకమే. నిన్ననే చెప్పాం. మామూలు రకంవాళ్ళు ఎవరెంత ధైర్యం చెప్పినా వినడం లేదు."

వరండా చివర బెంచీ మీద కూర్చుని ఉందామె. జోడమ్మ కూతురికన్నా చిన్నది. చేతిలో నీళ్ళ సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ. జోడమ్మ వెళ్ళి పక్కన కూర్చుని ఎవరో చెప్పింది. ఆమె ఒక్క ఉదుటున జోడమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీదీ ఇదేనా? మూడేళ్ళయిందా? అయితే నాకూ ఏం కాదు కదండీ? మీలాగే నేనూ ఉంటాను కదా?"

అవునమ్మా అనడం ఎంత తేలిక! నాలుక చివరిదాకా వచ్చింది. జోడమ్మ మింగేసింది.

"నన్ను నీ జోడీగా పెట్టుకోకమ్మా" అంది. "నేను ఒకసారి అలా పెట్టుకుని మూడు వారాలు పోగొట్టుకున్నాను. నీ వయసు వేరు, నీ గడ్డ సైజు వేరు. నీకేమవుతుందో నేను చెప్పలేను, చెప్పేవాళ్ళ మాట నమ్మకు. మన రకంవాళ్ళలో బతికినవాళ్ళు ఉన్నారా అంటే, ఉన్నారు, నీ పక్కన కూర్చుంది ఒకతి. అంతవరకు ఖాయం. మిగతాది నువ్వు చెయ్యాలి. డాక్టరమ్మ దగ్గర అబద్ధం చెప్పకు. పెరిగితే పెరిగిందను. ఆపరేషన్ తొందరగా అన్నారా?"

"వచ్చే వారం అన్నారు. మా ఇంట్లో వద్దంటున్నారు. ఇంకో చోట అడిగి చూద్దామంటున్నారు."

"అడగండి. అడగడం మంచిదే. ఆ వారంలోపల అడగండి. ఇంట్లో ఎక్కువ గొంతు ఎవరిది?"

"మా ఆయనది."

"బయట ఉన్నాడా?"

"పార్కింగులో ఉన్నారు."

"పిలువు."

"మీరు మాట్లాడతారా?" అంది ఆమె, ఆశగా.

"నువ్వు మాట్లాడతావు. నేను పక్కన ఉంటాను. నువ్వు తడబడితే అందిస్తాను." జోడమ్మ లేచి గోడవైపు తిరిగింది. "అతను వచ్చేలోపల ఇది చూడు. ఆపరేషన్ తర్వాత చెయ్యి లేవదు. లేవకపోతే ఏడుపొస్తుంది. ఏడువు, కానీ ఎక్కించడం మానకు. ఇలా."

ఎడమచేతి వేళ్ళు గోడ మీద పెట్టి ఒక్కొక్కటే పైకి నడిపించింది. భుజం దాటింది, చెవి దాటింది, తల దాటింది. ఆమె నీళ్ళ సీసా బెంచీ మీద పెట్టి, ఫోన్ తీసి, "ఏమండీ, ఒకసారి లోపలికి రండి. నేనే మాట్లాడాలి" అంది.